గేటు లోపలికి గురువు కూడా రావాలి

ఒక బడిపంతులు పేరు మీద ఏర్పడిన స్మారక ఉపన్యాస వేదిక ఇది. కాబట్టి పంతులు ఎక్కడ ఉండాలన్న ప్రశ్ననే ఈసారి మాట్లాడదలిచాను. గడ్చిరోలి జిల్లాలోని మన చామోర్షి తాలూకాలో చదువూ పనీ ఇప్పుడు పక్కపక్కకు వచ్చి నిలబడ్డాయి. ఒకప్పుడు చామోర్షి అంటే వైనగంగ ఒడ్డున మార్కండా గుడి, చప్రాళ దగ్గర వార్ధా, వైనగంగలు కలిసి ప్రాణహితగా మారే చోటు, ఆష్టిలో కాగితం మిల్లు. ఇప్పుడు కొన్సరి పేరు ముందు వస్తోంది. ఏటపల్లి తాలూకా సుర్జాగఢ్ కొండల్లోని ఇనుప ఖనిజాన్ని హెడ్రి దగ్గర పొడిచేసి, నీటితో కలిపి, 85 కిలోమీటర్ల పైపులైనులో కొన్సరిలోని ప్లాంటుకు పంపే ఏర్పాటు 2025లో మొదలైంది. మరోవైపు 2020 జాతీయ విద్యావిధానం తర్వాత మహారాష్ట్ర డిగ్రీ పాఠ్యప్రణాళికల్లోకి ఓజేటీ, అంటే పనిచోట శిక్షణ, 4 క్రెడిట్లతో వచ్చింది. 2011లో ఏర్పడి గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల కాలేజీలను చూసుకుంటున్న గోండ్వానా విశ్వవిద్యాలయం పిల్లలకు ఇది ఇక ఇష్టముంటే చేసే పని కాదు. మార్కుల మెమోలో కనబడే పని.

మార్కుల మెమోలో కనబడుతుంది కాబట్టే నా వాదన మొదలవుతుంది. క్రెడిట్ ఇచ్చేది ఫ్యాక్టరీ కాదు, కాలేజీ. యూజీసీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇంటర్న్‌షిప్‌కు 30 గంటలకు ఒక క్రెడిట్. డిగ్రీలో 60 నుంచి 120 గంటలకు 2 నుంచి 4 క్రెడిట్లు. ఈ 30 గంటల లెక్క ఎక్కడిదో చూడండి. క్లాసులో పాఠం 15 గంటలు వింటే ఒక క్రెడిట్, ప్రయోగశాలలో 30 గంటలు పనిచేస్తే ఒక క్రెడిట్. అంటే ఇంటర్న్‌షిప్‌ను మనం ప్రయోగశాలతో సమానం చేశాం. మంచిదే. కానీ ఏ కాలేజీ అయినా అధ్యాపకుడు లేకుండా ప్రయోగశాల తలుపు తీస్తుందా? పిల్లలు లోపలికి వెళ్లి ఏదో ఒకటి చేసి వస్తారు, సెమిస్టర్ చివర వాచ్‌మన్ సంతకం పెట్టి పంపిస్తాడు, మేం మార్కులు వేస్తాం అని ఏ ప్రిన్సిపాల్ అయినా అనగలడా? ఓజేటీలో చాలాచోట్ల జరుగుతున్నది దాదాపు ఇదే. లెటర్‌హెడ్ మీద ఒక పత్రం, దాని మీద ముద్ర, హాజరు పట్టీ. అవి వస్తే క్రెడిట్ వచ్చినట్టే. ఆ 120 గంటల్లో పిల్లవాడికి ఏం తెలిసిందో అడిగే మనిషి అక్కడ లేడు, ఇక్కడా లేడు. అందుకే నేను చెప్పదలిచింది ఒక్కటే. క్రెడిట్ మీద కాలేజీ పేరు ఉన్నప్పుడు, పనిచోట కాలేజీ మనిషి ఉండాలి. గేటు లోపలికి విద్యార్థితో పాటు గురువు కూడా వెళ్లాలి.

ఇది కొత్త కోరిక ఏమీ కాదు. ఈ పద్ధతికి ఆద్యుడైన హెర్మన్ ష్నైడర్ 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో దీన్ని మొదలుపెట్టాడు. ఒక వారం క్లాసు, ఒక వారం కార్ఖానా. ఇద్దరిద్దరిని జతచేసి, ఒకడు క్లాసులో ఉంటే ఇంకొకడు యంత్రం దగ్గర ఉండేలా చూశారు. కార్ఖానా వాళ్లకు జీతం ఇచ్చేది. ఆ ఏర్పాటు నిలబడటానికి కారణం ఈ వారాల మార్పు ఒక్కటే కాదు. కాలేజీ తరఫున కోఆర్డినేటర్లు కార్ఖానాలకు వెళ్లి, పిల్లలు చేస్తున్న పనిని చూసి, దాన్ని తిరిగి క్లాసులో పాఠంతో ముడిపెట్టేవాళ్లు. మన దేశంలో బిట్స్ పిలానీ 1973లో సి.ఆర్.మిత్రా డైరెక్టర్‌గా ఉన్న కాలంలో ప్రాక్టీస్ స్కూల్ పెట్టింది. అక్కడ కూడా అధ్యాపకుణ్ణి విద్యార్థులతో పాటు పరిశ్రమకు పంపడమన్నది ఆ పథకంలో అసలు భాగం. రెండుచోట్లా విద్యార్థి బయటికి వెళ్లడాన్ని చదువు ఆగిపోవడంగా ఎవరూ చూడలేదు. చదువు చోటు మారిందనుకున్నారు, కాబట్టి గురువు చోటూ మారింది. మనం ఆ పద్ధతిలో సగమే తెచ్చుకున్నాం. విద్యార్థిని పంపడం నేర్చుకున్నాం గాని గురువును పంపడం నేర్చుకోలేదు.

ఆ సగం వల్ల ఏం జరుగుతుందో గోదావరి అవతలి మన భాషవాళ్లను చూస్తే తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2020-21లో డిగ్రీలో చేరినవాళ్ల నుంచి 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం పనిచోట. ఆలోచన గొప్పది. బి.ఎ. చదివే పిల్లకు కూడా పనిలోకం చూసే హక్కు ఉందని ఒక రాష్ట్రం అధికారికంగా ఒప్పుకుంది. అందులోనూ మొదటి మెట్టుగా ఊరినే పనిచోటుగా తీసుకోవడం నాకు ఎంతో నచ్చిన సంగతి. అయితే లక్షలమంది పిల్లలు ఒకేసారి రోడ్డు మీదికి వస్తే అంతమందికి పని చూపించే సంస్థలు ఎక్కడివి? చిన్న పట్టణాల్లో మందుల షాపు, ఇంటర్‌నెట్ సెంటర్, తెలిసినవాళ్ల ఆఫీసు ఆశ్రయమయ్యాయి. ఆన్‌లైన్ కోర్సులు ఇంటర్న్‌షిప్ పేరు తగిలించుకున్నాయి. ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే వ్యాపారం పుట్టుకొచ్చింది. దీనికి పిల్లల్ని తప్పుపట్టడం అన్యాయం. పత్రం అడిగితే పత్రమే తెస్తారు. ఎవరైనా వెళ్లి పక్కన నిలబడి, నువ్వు ఈ వారం ఏం కనిపెట్టావని అడిగితే వేరేది తెస్తారు.

గురువు పక్కన ఉంటే ఏం మారుతుందో ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. బి.ఎస్సీ. కెమిస్ట్రీ విద్యార్థి ప్రతివాడూ కాలేజీ ల్యాబ్‌లో ఇనుమును టైట్రేషన్ చేసి లెక్కగడతాడు. పిప్పెట్‌తో ఫెర్రస్ ద్రావణం తీసుకుని, బ్యూరెట్ నుంచి పొటాషియం డైక్రోమేట్ చుక్కచుక్కగా వదిలి, డైఫినైలమీన్ ఊదారంగుకు తిరగగానే ఆపుతాడు. జవాబు రెండో దశాంశం దాకా రాస్తాడు. సరిగ్గా ఇదే పని ఇనుప ఖనిజానికీ చేస్తారు. రాయిని మెత్తగా నూరి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, స్టానస్ క్లోరైడ్‌తో ఇనుమును ఫెర్రస్ స్థితికి తెచ్చి, అదే డైక్రోమేట్‌తో తేలుస్తారు. ఇంటర్న్‌గా వెళ్లిన పిల్లవాడికి ఎవరూ ఏమీ చెప్పకపోతే, అబ్బో మన సిలబసే కదా అనుకుని, నాలుగు రోజులు గ్లాసువేర్ కడిగి, రీడింగులు రిజిస్టర్‌లో ఎక్కించి వచ్చేస్తాడు. గురువు ఉంటే అతన్ని ల్యాబ్ నుంచి బయటికి, ఖనిజం కుప్ప దగ్గరికి తీసుకెళ్తాడు. లారీ నుంచి పోసిన కుప్పలో పెద్ద గడ్డలు దొర్లి అంచులకు చేరతాయి, పొడి మధ్యలో నిలుస్తుంది. పొడిలో బంకమట్టి పాలు ఎక్కువ. అంచు దగ్గర ఒక పార తీసుకుంటే వచ్చే జవాబు ఒకటి, మధ్యలో తీసుకుంటే వచ్చేది ఇంకొకటి. కుప్పను కలిపి, మళ్లీ పోసి, పైన అదిమి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు రెండూ తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ కలిపి, చివరికి గుప్పెడు అయ్యేదాకా ఇలా తగ్గించుకుంటూ రావాలి. ఇదంతా చెమటోడ్చే పని. ఈ పని సరిగ్గా జరగకపోతే ల్యాబ్‌లో రెండో దశాంశం దాకా రాసిన జవాబుకు అర్థమే లేదు. మూడేళ్ల డిగ్రీలో ఈ సంగతి విద్యార్థికి ఎవరూ చెప్పరు, ఎందుకంటే కాలేజీ ల్యాబ్‌లో ద్రావణం ముందే సీసాలో పోసి ఉంటుంది. కార్మికుడికి ఈ సంగతి బాగా తెలుసు, కానీ దానికి గణాంక శాస్త్రంలో ఉన్న లెక్క తెలియదు. ఈ ఇద్దరి మధ్య నిలబడి మాట కలపగలిగినవాడు అధ్యాపకుడే. ఆ సాయంత్రం పిల్లవాడు ఒకే కుప్ప నుంచి పది నమూనాలు వేరువేరుగా తీసి, జవాబుల మధ్య తేడా ఎంతో లెక్కవేసి రాస్తే, నాలుగు క్రెడిట్లు కాదు, ఎనిమిది ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

కొన్సరిలాంటి ప్లాంటు అందరికీ కాదు, నిజమే. జిల్లాలో డిగ్రీ చదివేవాళ్లలో బి.ఎ., బి.కాం. పిల్లలు ఎంతోమంది. వాళ్లకు పరిశ్రమ ఏది అని అడుగుతారు. 2011 జనాభా లెక్కల్లో 10 లక్షల 72 వేలమంది ఉన్న ఈ జిల్లాలో నేలలో మూడొంతులు అడవే. ఆ అడవే పెద్ద పరిశ్రమ, కాకపోతే దానికి గేటు లేదు. 2009లో మేండా లేఖా గ్రామానికి సామూహిక అటవీ హక్కు వచ్చింది, 2011లో వెదురు రవాణా అనుమతి పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. అప్పటి నుంచి వెదురు, తునికాకు అమ్ముకునే గ్రామసభలు ఎన్నో తయారయ్యాయి. వేలం పిలవాలి, ఒప్పందం రాయించాలి, కల్లంలో రోజూ ఆకు లెక్కపెట్టాలి, కూలీ ఖాతాల్లో వేయాలి, లెక్కలు ఆడిట్‌కు పెట్టాలి. ఒక చిన్న సంగతి చెప్తాను. మహారాష్ట్రలో తునికాకు కట్టకు 70 ఆకులు, గోదావరి దాటి తెలంగాణలో కట్టకు 50 ఆకులు. రెండుచోట్లా వెయ్యి కట్టలే ఒక ప్రామాణిక బస్తా. అవతల బస్తాకు ఇంత ఇస్తున్నారట, మనకు ఇంతే ఇస్తున్నారని సిరొంచ దిక్కు మాట్లాడుకునేటప్పుడు, రెండు బస్తాలూ ఒకటి కావన్నది ముందు లెక్కలోకి రావాలి. ఆకుకు ఎంత పడుతోంది, కాంట్రాక్టరు చెల్లింపు ఎన్ని రోజులు ఆలస్యమైంది, ఆలస్యం వల్ల ఇంటింటికీ ఎంత నష్టం అన్నది ఒక బి.కాం. అమ్మాయి మూడు గ్రామసభల రిజిస్టర్లు ముందేసుకుని తేల్చగలిగితే, అది ఏ కంపెనీ అకౌంట్స్ విభాగంలో దొరికే అనుభవానికీ తక్కువ కాదు. పనిచోటు అనే మాటలో గ్రామసభను, గ్రామీణ ఆసుపత్రిని, బియ్యం మిల్లును, తహసీలు కార్యాలయాన్ని విశ్వవిద్యాలయం కాగితం మీద చేర్చాలి. చేర్చినచోట దాన్ని రెండో రకం ఓజేటీగా చూడటం మానాలి.

అభ్యంతరాల్లో నాకు అన్నిటికంటే బరువైనదిగా కనబడేది కూలి సంగతి. ఇంటర్న్‌షిప్‌ను సాధారణంగా వేసవి సెలవుల్లో పెడతారు. కాలేజీ క్యాలెండర్‌కు అది సులువు. కానీ ఏప్రిల్ ఆఖరు నుంచి మే నెల పొడవునా ఇక్కడ తునికాకు కాలం. ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నం కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేరుస్తారు. చాలా ఇళ్లలో ఏడాది మొత్తంలో కళ్లచూసే పెద్ద మొత్తం ఆ కొద్ది వారాలదే. కాలేజీ పిల్ల ఫీజు, పుస్తకాలు, బస్సు పాస్ కూడా అందులోంచే. ఆ రోజుల్లో జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు రమ్మంటే, ఆమె ఖర్చు లేకుండా నేర్చుకుంటున్నట్టు కాదు, తన కూలి వదులుకుని నేర్చుకుంటున్నట్టు. నాగపూర్ పిల్లకు లేని రుసుము గడ్చిరోలి పిల్ల కడుతోంది. ప్రభుత్వ పథకాలు ఉన్నాయి కదా అంటారు. 2024లో మహారాష్ట్ర తెచ్చిన యువ కార్య ప్రశిక్షణ పథకం పట్టభద్రులకు నెలకు 10,000 రూపాయలు ఇస్తుంది, అదే ఏడాది కేంద్రం మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదట్లో నెలకు 5,000 ప్రకటించింది. మంచి పథకాలే. అయితే రెండూ చదువు ముగించినవాళ్ల కోసం తెచ్చినవే. కాలేజీలో పేరు ఉండి, క్రెడిట్ కోసం వెళ్లే పిల్లకు ఆ ఏడాది వీటిలో దేనిలోనూ చోటు పెట్టలేదు. అప్రెంటిస్ సంగతి వేరు. 1961 అప్రెంటిస్ చట్టం అతన్ని కార్మికుడు కాదు, శిక్షణార్థి అంటూనే స్టైపెండ్ నిర్ణయించింది, పనిలో గాయమైతే పరిహారం యజమాని ఇవ్వాలని చెప్పింది. ఆ చట్టం కిందికి రాని ఇంటర్న్‌కు ఈ రక్షణ దానంతటదే రాదు. ఎర్రగా కాగే గొట్టపు కొలిమి పక్కన ఇద్దరూ ఒకే హెల్మెట్ పెట్టుకుని నిలబడతారు, ఒకరికి చట్టం ఉంది, ఇంకొకరికి ప్రిన్సిపాల్ రాసిన పరిచయ లేఖ ఉంది. శిక్షణ ఇవ్వకుండా ఎవరినీ గని పనిలో పెట్టరాదని 1966లోనే నియమాలు వచ్చిన దేశం మనది. కాబట్టి కాలేజీ, యాజమాన్యం రాసుకునే ఒప్పందంలో మూడు మాటలు లేకుండా విద్యార్థిని పంపకూడదంటాను. బీమా ఎవరిది, దారి ఖర్చు, భోజనం ఎవరివి, భద్రతా శిక్షణ ఎవరు ఏ భాషలో ఇస్తారు. తునికాకు కాలంలో ఓజేటీ పెట్టకూడదన్న నిర్ణయానికైతే ఎవరి ఒప్పందమూ అక్కరలేదు. అది విశ్వవిద్యాలయం ఒక్క సర్క్యులర్‌తో చేయగలిగిన పని.

ఇంకొక అభ్యంతరం గ్రామాల నుంచి వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ జిల్లా చరిత్ర తెలియనివాళ్లు. విశ్వవిద్యాలయం కంపెనీకి కూలీలను సరఫరా చేసే మేస్త్రీ అవుతుందా అని అడుగుతారు. సుర్జాగఢ్ కొండ ఠాకూర్‌దేవ్ జాతర జరిగే చోటు. అక్కడ గని వద్దన్న గ్రామసభలు ఉన్నాయి. ఆ ఊళ్ల పిల్లలే రేపు ఇంటర్న్‌లుగా వెళ్తారు. ఇలాంటి భయం ఇదివరకూ ఒకసారి పైకి వచ్చింది, అదీ మనకు దగ్గరలోని వార్ధా పట్టణంలోనే. 1937 అక్టోబరులో గాంధీజీ అక్కడ విద్యా సదస్సు పిలిచి, చేతిపని ద్వారా చదువు అనే ప్రతిపాదన పెట్టారు. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన పాఠ్యప్రణాళిక తయారైంది. పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు వెళ్లాలన్న భాగం మీద ఆ సదస్సులోనే ప్రొఫెసర్ కె.టి.షా విభేదించారు. చదువు పేరుతో పిల్లల శ్రమ వాడుకోవడం అవుతుందన్న ఆ శంక ఇవాళ్టికీ సజీవమే. నయీ తాలీమ్ అనే ఆ పద్ధతి చాలా బళ్లలో ఎందుకు వాడిపోయిందో చూస్తే, నూలు వడికే తకలి ఒక గంట, లెక్కలు ఒక గంట అని విడిపోవడం పెద్ద కారణంగా కనబడుతుంది. నూలు పోగు నుంచి లెక్క తీయగల పంతులు కావలసినంతమంది లేకపోయారు. అంటే శ్రమ వాడకం భయానికీ, చదువు జరగకపోవడానికీ మూలం ఒకటే. గురువు లేనిచోట పని ఉత్త పనిగా మిగులుతుంది. గురువు ఉన్నచోట పిల్లవాడు యాజమాన్యానికి నచ్చని ప్రశ్న కూడా వేయగలగాలి. ప్లాంటు వదిలే నీరు ఏమవుతోంది, దుమ్ము ఎంత దూరం వెళ్తోంది, కాంట్రాక్టు కార్మికుడి చేతికి వస్తున్నది ఎంత అన్నవి కూడా ఓజేటీ నివేదికకు తగిన విషయాలే. అలాంటి నివేదిక రాసిన విద్యార్థికి సూపర్‌వైజర్ సంతకం పెట్టకపోయినా క్రెడిట్ ఆగకూడదు. సంతకం హాజరుకు రుజువు కావచ్చు గాని జ్ఞానానికి రుజువు కాదు. మార్కులు వేసే అధికారం పూర్తిగా కాలేజీ దగ్గర ఉంటేనే కాలేజీ మేస్త్రీ కాకుండా ఉంటుంది.

అధ్యాపకులు ఎక్కడున్నారండీ అనే మాట మీ అందరి నోటిదాకా వచ్చి ఉంటుంది. ఖాళీలు ఉన్నాయి, గంటల లెక్కన పనిచేసేవాళ్లతో బండి నడుస్తోంది, ఉన్నవాళ్లకు క్లాసులే ఎక్కువ. కాదనను. కానీ లెక్క ఒకసారి చూడండి. 120 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 15 రోజులు. నలభైమంది నలభై చోట్లకు విడిపోతే ఏ గురువూ వెంట వెళ్లలేడు. పదేసిమంది ఒకే చోటికి విడతలుగా వెళ్తే ఒక్క గురువు చాలు. ఈ పనిని ఆయన బోధన గంటల్లో కలిపి లెక్కించాలి, ఊరికే చేయించకూడదు. చామోర్షి, ఆష్టి, గడ్చిరోలి కాలేజీలు కలిసి ఒక ఉమ్మడి కోఆర్డినేటర్‌ను పెట్టుకోవచ్చు. గోండ్వానా విశ్వవిద్యాలయం పల్లెలకే క్లాసులను తీసుకెళ్లే కార్యక్రమం ఇప్పటికే నడిపింది. ఊరికి వెళ్లి పాఠం చెప్పిన విశ్వవిద్యాలయానికి ఫ్యాక్టరీకి వెళ్లి చెప్పడం అలవికాని పని కాదు. అంతకీ మనుషులు చాలకపోతే, గురువు లేకుండా పదిమందిని పంపడం కంటే ఆ ఏడాది ఐదుగురినే పంపి, మిగతావాళ్లకు అదే క్రెడిట్లు ఊళ్లో చేసే క్షేత్ర ప్రాజెక్టుతో ఇవ్వడం నిజాయితీ అంటాను.

సిరొంచ విద్యార్థుల సంగతి విడిగా చెప్పాలి, ఈ సభ వాళ్లది కూడా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో రెండూ, దోస్తుల్లో గోండీ, మాడియా మాట్లాడేవాళ్లూ ఉంటారు. ప్లాంటులో హిందీ. ఇన్ని భాషల మధ్య పెరిగిన పిల్ల చివరికి నివేదికను తనకు అరకొరగా వచ్చిన ఇంగ్లీషులో, ఎక్కడినుంచో ఎత్తిరాసి ఇస్తుంది. చూసిందంతా పోతుంది. రోజువారీ డైరీ తనకు వచ్చిన భాషలో రాయనివ్వాలి, వైవా కూడా ఆ భాషలోనే పెట్టాలి, ప్రశ్నలడిగేవాళ్లలో ఒకరు అక్కడ పనిచేసే కార్మికుడై ఉండాలి. దూరం ఇంకొక చిక్కు. సిరొంచ నుంచి జిల్లా కేంద్రానికి సుమారు 200 కిలోమీటర్లు. కొన్సరికి వచ్చి ఉండాలంటే ఆడపిల్లకు హాస్టల్ కావాలి. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, ఆ పైన భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్నాయి. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి రావచ్చు, అక్కడి మాటా ఇంటి మాటే. మేడిగడ్డ బ్యారేజీ కట్టినప్పుడు ఒక నది మీద రెండు రాష్ట్రాలు ఒప్పందం రాసుకోగలిగాయి. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఒకచోట సంపాదించిన క్రెడిట్‌ను ఇంకొకచోట జమ చేసుకోనిస్తోంది. గోండ్వానా విశ్వవిద్యాలయం, వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం కూర్చుని, సిరొంచ విద్యార్థి భూపాలపల్లిలో ఓజేటీ చేస్తే అక్కడి అధ్యాపకుడు పక్కన ఉండి చూసుకునేలా, మంచిర్యాల విద్యార్థి కొన్సరికి వస్తే ఇక్కడి అధ్యాపకుడు చూసుకునేలా ఒక ఒప్పందం రాసుకోవాలని ఈ వేదిక మీద నుంచి రెండు విశ్వవిద్యాలయాలనూ కోరుతున్నాను. ముసాయిదాలో మొదటి షరతుగా ఆ అధ్యాపకుడి పేరు, ఆయన పనిచోట ఉండే రోజులు రాయాలి. మిగతా షరతులు దాని కింద రాసుకోవచ్చు.